నామినీ పేరు, వారసుల వాటా

 

ఇంటి పెద్ద ఇంతికాల్ అయితే ఇల్లు, పొలం సంగతి ఎవరో ఒకరు ఎత్తుతారు. షేర్లు, మ్యూచువల్ ఫండ్లు, బాండ్లు కంటికి కనబడవు. నామినీగా ఎవరి పేరుంటే వారి ఖాతాలోకి వెళ్లిపోతాయి, మిగిలినవారు అడగరు. నామినీ అంటే వారసుడే అనుకుంటారు కాబట్టి. మేము ఈ రోజు చెప్పదలచింది ఇదే: నామినీ వేరు, వారసుడు వేరు.

షేర్లను ఎవరి చేతికి అప్పగించాలో కంపెనీకి తెలియడానికి ఇచ్చే పేరే నామినీ. నామినీకే పూర్తి హక్కు వస్తుందని చాలాకాలం వాదన నడిచింది. 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. ఎవరి వారసత్వ చట్టం వారికి వర్తిస్తుంది. మనకు 1937 నాటి షరీఅత్ చట్టం ఉంది, అంటే ఫరాయిజ్ ప్రకారమే పంపకం.

ఒకాయన 240 షేర్లు వదిలి వెళ్లాడనుకుందాం. భార్య, తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. నామినీ పెద్దకొడుకు. 240 షేర్లూ అతని డీమ్యాట్ ఖాతాలోకే వస్తాయి. అందులో భార్యది ఎనిమిదో వంతు, 30. తల్లిది ఆరో వంతు, 40. మిగిలిన 170లో కొడుకులకు చెరి 68, కూతురికి 34. పెద్దకొడుకు సొంతం 68 మాత్రమే, తక్కినవి అతని దగ్గర అమానత్. తల్లి వాటాను చాలా ఇళ్లలో మరచేపోతారు. ముసలామెకు షేర్లెందుకు అంటారు, ఆమె మందుల ఖర్చు మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఈ పంపకానికి ముందు కఫన్ దఫన్ ఖర్చు, అప్పులు తీరాలి. చెల్లించని మెహర్ కూడా అప్పే. ఆ తరువాత వసీయత్, అదీ మూడో వంతు దాటకుండా. వారసులు కానివారికి, ధర్మకార్యాలకు అలా రాయవచ్చు. మా సొసైటీకే రాయమని కాదు!

నామినీ ఉంటే మరణ ధ్రువపత్రం, పాన్, కేవైసీ కాగితాలతో ట్రాన్స్‌మిషన్ దరఖాస్తు డీపీకి ఇస్తే సరిపోతుంది. నామినీ లేకపోతేనే తిప్పలు. విలువ తక్కువైతే కోర్టు సక్సెషన్ సర్టిఫికెట్ లేకుండానే అఫిడవిట్, ఇండెమ్నిటీ బాండ్ల మీద పని జరుగుతుంది. ఆ పరిమితిని 2022లో సెబీ కాగితపు షేర్లకు 5 లక్షలకు, డీమ్యాట్‌కు 15 లక్షలకు పెంచింది. అయితే ఈ దారిలో మిగతా వారసుల నో అబ్జెక్షన్ పత్రం అడుగుతారు. అన్నయ్య పెట్టమన్నాడని ఆడపిల్లలు చదవకుండా సంతకం చేసేది అక్కడే. తన వాటా ఎంతో, దాన్ని వదులుకుంటున్నానో లేదో తెలిశాకే చెల్లెలు సంతకం పెట్టాలి. బాగా చదువుకున్న కుటుంబాల్లోనూ ఈ విషయంలో అన్యాయం జరుగుతోందని మా అభిప్రాయం.

మనవాళ్లకు పేర్లతో ఇంకో చిక్కు. షేర్ పత్రంలో ‘ఎండీ’, ఆధార్‌లో ‘మహమ్మద్’, పాన్‌లో ‘మొహమ్మద్’. ‘షేక్’ ఒకచోట ముందు, ఒకచోట వెనుక. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ పెట్టాల్సి వస్తుంది. బతికుండగానే సరిచేసుకుంటే బిడ్డలకు నెలల శ్రమ తప్పుతుంది.

ఆలస్యమైనా నష్టమే. వరుసగా ఏడేళ్లు డివిడెండ్ తీసుకోకపోతే ఆ షేర్లు కేంద్ర ప్రభుత్వ నిధి ఐఈపీఎఫ్‌కు వెళ్తాయి. వారసులు ఐఈపీఎఫ్-5 ఫారంతో తిరిగి పొందవచ్చు గానీ ఓపిక కావాలి. పన్ను భయం అక్కర్లేదు. వారసత్వంగా వచ్చినందుకు పన్ను లేదు. అమ్మినప్పుడు లాభం మీదే, అదీ తండ్రి కొన్న ధర నుంచి లెక్క.

ఈ పనిమీద మా దగ్గరకు వచ్చేవారు మరణ ధ్రువపత్రం, మీసేవ ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పాత డివిడెండ్ కాగితాలు తెచ్చుకోండి. వీలైతే అక్కాచెల్లెళ్లను కూడా వెంట తీసుకురండి.