మారియోని ఓపెన్ వరల్డ్‌లో వదిలేస్తే ఏమవుతుంది?

ఇవాళ ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. కొన్ని ఎపిసోడ్ల కిందట ఇదే కుర్చీలో కూర్చుని చాలా ధీమాగా ఒక మాట అనేశాను. "మారియో ఇంకా ఆ లెవెల్స్ పట్టుకుని వేలాడటం ఏంటి? జెల్డా మారిపోయింది కదా, మారియో కూడా పెద్ద ఓపెన్ వరల్డ్ అయిపోవాలి" అన్నాను. ఈ వేసవిలో మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి తర్వాత ఆ మాటలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. సగమే. మిగతా సగం ఎందుకు ఉంచుకున్నానో కూడా చెప్తా.

మా అక్క వాళ్లు డల్లాస్‌లో ఉంటారు. సెలవులకి వచ్చారు. మేనల్లుడికి పదకొండేళ్లు. చేతిలో స్విచ్, చెవుల్లో హెడ్‌ఫోన్స్. అన్నానికి పిలిస్తే మూడోసారికి పలుకుతాడు. వాడికి గేమ్ అంటే బ్రెత్ ఆఫ్ ద వైల్డ్, మైన్‌క్రాఫ్ట్. ఒక మధ్యాహ్నం "రారా, నేనూ మీ అమ్మా చిన్నప్పుడు ఏం ఆడామో చూపిస్తా" అని, స్విచ్ టీవీకి తగిలించి, 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ పెట్టాను.

వాడు చేసిన మొదటి పని ఏంటో తెలుసా? ఎడమవైపు వెళ్లాడు. మారియో స్క్రీన్ అంచు దాటి కదలడు.

"మావయ్యా, స్టక్ అయింది."

కాదురా, అటు ఏమీ లేదు.

"మరి మ్యాప్ ఏది?"

మ్యాప్ లేదు. కుడివైపు వెళ్లు.

"అంతేనా?"

అంతేరా బాబూ, అంతే. కాసేపు ముందుకెళ్లాక పైపు మీద నుంచి మళ్లీ వెనక్కి రాబోయాడు. స్క్రీన్ వెనక్కి తిరగలేదు. ఆ గేమ్‌లో దాటిపోయింది దాటిపోయినట్టే. వాడు నా మొహం చూసిన చూపుంది చూశారూ, నేనేదో కరెంటు లేని ఊళ్లో పెరిగినట్టు.

కానీ పది నిమిషాల తర్వాత వాడు సోఫా అంచుకి వచ్చి కూర్చున్నాడు. హెడ్‌ఫోన్స్ మెళ్లోకి దిగాయి. ఆ పది నిమిషాల్లో ఏం జరిగిందనేదే నా పాయింట్.

మొదటి లెవెల్, 1-1, ఎంతమంది ఆడి ఉంటారో. కానీ ఆగి చూసినవాళ్లు తక్కువ. మారియో ఎడమ పక్కన నిలబడి ఉంటాడు, కుడివైపు ఖాళీ. చెప్పకుండానే అటు వెళ్లమని చెప్తోంది. ఒక గూంబా నడుచుకుంటూ వస్తుంది. జంప్ చేయకపోతే చస్తావు. జంప్ చేస్తే పైన ప్రశ్న గుర్తు పెట్టెకి తల తగలొచ్చు, పుట్టగొడుగు బయటికొస్తుంది. అది కుడివైపు పారిపోతుంది, పైపుకి కొట్టుకుని తిరిగి నీ వైపే వస్తుంది. తప్పించుకుందామన్నా దాదాపు తప్పించుకోలేవు. తగిలితే పెద్దవాడివైపోతావు. సరే, ఇది మంచిదన్నమాట అని తెలిసిపోయింది. ఒక్క అక్షరం చదవలేదు.

నాకు ఇంకా ఇష్టమైంది లెవెల్ చివర్లో ఉంటుంది. ఎదురెదురుగా రెండు మెట్ల దిబ్బలు. మధ్యలో గొయ్యి ఉండదు, మామూలు నేలే. ఒక మెట్ల నుంచి ఇంకో మెట్లకి దూకబోయి పడినా ఏమీ కాదు. కొంచెం ముందుకెళ్తే అలాంటి జతే మళ్లీ వస్తుంది, ఈసారి మధ్యలో గొయ్యి. అంటే ముందు ప్రాక్టీసు, తర్వాత పరీక్ష. మా వాడు మొదటి దాంట్లో పడ్డాడు, రెండో దాన్ని దాటేశాడు. దాటాక "యస్" అన్నాడు చూడండి, బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ ఆడుతున్నప్పుడు వాడి నోట ఆ సౌండ్ నేను వినలేదు.

ఇప్పుడు ఆలోచించండి. మియామోటో, తెజుకా టీమ్ ఆ రెండు దిబ్బల్ని అలా వరసలో ఎందుకు పెట్టగలిగింది? నువ్వు ఎటు నుంచి వస్తావో వాళ్లకి తెలుసు కాబట్టి. ఎడమ నుంచే వస్తావు. మొదటిది చూడకుండా రెండోదాని దగ్గరికి రాలేవు. ఓపెన్ వరల్డ్‌లో మొదట పోయేది ఇదే. ఒక కొండ పెడితే ఆటగాడు ఉత్తరం నుంచి వస్తాడో, దక్షిణం నుంచి వస్తాడో, పై నుంచి గ్లైడర్ వేసుకుని దిగుతాడో డిజైనర్‌కి తెలీదు. కాబట్టి ఆ కొండ ఎటు నుంచి వచ్చినా పని చేయాలి. ఎటు నుంచి వచ్చినా పని చేసే గొయ్యి ఎవరినీ పెద్దగా భయపెట్టదు.

మారియో జంప్ మామూలు జంప్ కూడా కాదు. బటన్ ఎంతసేపు నొక్కితే అంత ఎత్తు. పరిగెత్తి దూకితే ఎక్కువ దూరం. గాల్లో ఉండగా కూడా కొంచెం దిశ మార్చుకోవచ్చు. ఆ గేమ్‌లో ప్రతి గొయ్యి వెడల్పూ ఈ జంప్‌ని కొలతగా పెట్టుకుని కట్టిందే. దర్జీ కొలతలు తీసుకుని కుట్టినట్టు. ఓపెన్ వరల్డ్ అంటే రెడీమేడ్ షర్టు, అందరికీ పడుతుంది, ఎవరికీ అతికినట్టు ఉండదు. జెల్డాకి అది సమస్య కాదు. లింక్ పని జంప్ కాదు, ఎక్కడం, వెతకడం, వంట చేసుకోవడం. దాదాపు ఏ గోడైనా ఎక్కేయొచ్చు, ఒంట్లో సత్తువ ఉన్నంతసేపు. అదే పవర్ మారియోకి ఇచ్చారనుకోండి, ఇక దూకడం ఎందుకు?

మా వాదనకి ఎదురు సాక్ష్యం సోనిక్ కదా అని మీలో కొందరు అంటారు. సోనిక్ ఫ్రాంటియర్స్, 2022. సెగా వాళ్లు దాన్ని ఓపెన్ జోన్ అన్నారు. ఆడాను. పచ్చిక మైదానంలో సోనిక్ పరిగెడుతుంటే మొదటి గంట నిజంగా బాగుంది. తర్వాత నాకు కనపడింది ఏంటంటే, మైదానం మైదానమే, గేమ్ మాత్రం ఆకాశంలో వేలాడే పట్టాల మీద ఉంది. స్ప్రింగ్ తొక్కు, పట్టా ఎక్కు, ఇరవై సెకన్లలో బహుమతి తీసుకో, మళ్లీ గడ్డిలో పడు. కింద ఉన్న అంత నేల ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి వెళ్లే బైపాస్ రోడ్డు. లెవెల్స్ కోసం వేరే సైబర్ స్పేస్ పెట్టుకున్నారు కూడా. చెడ్డ గేమ్ అనను. కానీ ఆ సైజు ఆ గేమ్‌కి ఏం ఇచ్చిందో నాకు తెలియలేదు.

మారియో ఒడిస్సీ, 2017. అది ఓపెన్ వరల్డ్ కాదు, వేరువేరు రాజ్యాలు. అయినా విడివిడిగా చాలా పెద్దవి. న్యూ డాంక్ సిటీలో తిరుగుతుంటే ఎంత హాయి! అందులో కూడా కష్టపడి దూకి సంపాదించిన మూన్ పక్కనే, నేల మీద మెరుస్తున్న చోట ధబేలున కూర్చుంటే వచ్చే మూన్ ఉంటుంది. రెండింటికీ లెక్కలో ఒకటే విలువ. జాగా ఎక్కువైతే నింపాలి, నింపాలంటే చిల్లర కావాలి. పాత ఎపిసోడ్‌లో నేను దీన్ని తెగ పొగిడాను, గుర్తుందా? సరే, వదిలేయండి.

మరి నేను ఉంచుకున్న సగం ఏంటి? బౌజర్స్ ఫ్యూరీ. 2021 ఫిబ్రవరిలో సూపర్ మారియో 3డి వరల్డ్‌తో పాటు ఒకే ప్యాక్‌లో వచ్చింది. కొసరు గేమ్ అనుకుని చాలామంది తాకను కూడా తాకలేదు. మారియోలో ఓపెన్ వరల్డ్‌కి అంతకంటే దగ్గరికి వచ్చింది నాకు ఇంకోటి కనపడలేదు. లేక్ ల్యాప్‌క్యాట్ అని ఒక సరస్సు, అందులో దీవులు, మొత్తం 100 క్యాట్ షైన్లు. ఒక దీవి నుంచి ఇంకో దీవికి లోడింగ్ లేదు. ప్లెసీ అనే జంతువు మీద ఎక్కి నీళ్ల మీద దూసుకెళ్లడమే.

ఇందులో తెలివంతా నీళ్లలో ఉంది. పైకి స్వేచ్ఛగా ఉంటుంది, ఎటైనా వెళ్లొచ్చు. కానీ నీళ్ల మీద వచ్చేవాడు ఒడ్డునే దిగాలి. ఒడ్డు దగ్గర పిల్లి చెవులతో ఒక ద్వారం ఉంటుంది, అందులోంచి లోపలికి పోతావు. చూశారా? నువ్వు ఎటు నుంచి వస్తావో డిజైనర్‌కి మళ్లీ తెలిసిపోయింది. సరస్సు మొత్తం ఓపెన్, దీవి మాత్రం లెవెల్. 1-1 నాటి కొలతలు ఇక్కడ మళ్లీ పని చేస్తాయి. పిల్లి డ్రెస్ వేసుకుంటే గోడ ఎక్కొచ్చు, కానీ కొంచెం దూరం పోగానే జారిపోతాడు. కాబట్టి జంప్ విలువ తగ్గలేదు.

ఇంకోటి, ఉన్నట్టుండి వాన మొదలవుతుంది, కొండంత బౌజర్ లేచి నిప్పు ఊదుతాడు. మాంచి జంప్ మధ్యలో ఉన్నప్పుడు వస్తే చిరాకే, నిజం చెప్తున్నా, రెండుసార్లు తిట్టుకున్నాను. కానీ వాడి నిప్పుతో మాత్రమే పగిలే రాళ్లు ఉంటాయి, లోపల షైన్ ఉంటుంది. అంటే తెలిసిన దీవే బౌజర్ లేచాక వేరే లెవెల్ అయిపోతుంది. కొత్త జాగా కొనకుండా ఉన్న జాగానే రెండుసార్లు వాడుకున్నారు.

కాబట్టి నా కొత్త మాట ఇది. మారియోకి ఓపెన్ వరల్డ్ పడుతుంది, అది ఒక సరస్సంత ఉన్నప్పుడు. ఒక రాష్ట్రమంత ఉంటే, అతను దూకడం మానేసి నడవడం మొదలెడతాడు.

ఇంతకీ ఆ మధ్యాహ్నం సంగతి పూర్తి చేయలేదు. మా చిన్నప్పుడు ఇంట్లో ఉన్నది అసలు నింటెండో కాదు, అప్పట్లో ఊళ్లలో దొరికే నకిలీ పెట్టె. క్యాసెట్ మీద 999 గేములని రాసి ఉంటుంది, లోపల అవే పది గేములు తిరిగి తిరిగి వస్తుంటాయి. ఆడకపోతే క్యాసెట్ తీసి ఉఫ్ అని ఊదడం. అక్క మారియో, నేను లుయీజీ. మారియో చస్తే లుయీజీ వంతు, లుయీజీ చస్తే మారియో వంతు. మేం పెట్టుకున్న రూలు కాదు, గేమే అలా ఉంటుంది. అక్క చచ్చేదాకా నేను ఊపిరి బిగబట్టుకుని చూసేవాణ్ణి, సగం గెలవాలని, సగం చావాలని.

ఓపెన్ వరల్డ్‌లో ఆ వంతు ఎక్కడ మారుతుంది? గంటసేపు ఆడినా ఇదిగో నీ వంతు అని ఇచ్చే చోటు రాదు. బౌజర్స్ ఫ్యూరీలో రెండో ప్లేయర్ ఉన్నాడు, బౌజర్ జూనియర్. మేనల్లుడు వాళ్లమ్మకి అదే ఇచ్చాడు. అక్క ఐదు నిమిషాలు వాడి వెనకాల తిరిగి, "నాకెందుకురా ఈ తోక పని" అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను ఈ గేమ్‌ని ఎంత పొగిడినా ఆ విషయంలో అక్కదే రైటు.

తర్వాత మళ్లీ పాత గేమ్ పెట్టాం, ఇద్దరి ఆట. వాడు 1-2లో పైపులోంచి లేచిన మొక్క తగిలి చచ్చాడు. కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని ఒక్క సెకను ఆగాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి, "అమ్మా, నీ టర్న్" అని అరిచాడు. అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. 1-2 చివర్లో పైకప్పు మీద నుంచి వార్ప్ పైపుల గదికి వెళ్లి, ఒక్క మాట మాట్లాడకుండా నేరుగా నాలుగో వరల్డ్‌లో తేలింది. "అమ్మా! అది నీకెలా తెలుసు?" అన్నాడు వాడు. వాడి మొహం వీడియో తీయలేదని ఇప్పటికీ బాధ.

వచ్చే ఎపిసోడ్‌లో డాంకీ కాంగ్ బనాంజా గురించి మాట్లాడుకుందాం. అందులో నేలనే తవ్వి పారేస్తాం కాబట్టి ఇవాళ చెప్పినదంతా తలకిందులు కావచ్చు. అప్పటిదాకా బై.