దవాఖానలో తుపాకి



కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలకు తుపాకి క్రొత్త వస్తువు కాదు. 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించిన పిమ్మట ఈ సీమ చాలా ఏండ్లు భయముతో కాపురము చేసినది. ప్రాణభయము గలవారు లైసెన్సు పొంది రివాల్వరును నడుమున కట్టుకొని తిరిగిన దినములు కలవు. ఆ భయమును మేము పరిహసింపము. కాని అట్టివారు జబ్బుపడి నెలో, రెండు నెలలో దవాఖానలో ఉండవలసి వచ్చినప్పుడు, ఆ ఆయుధమును చొక్కా మాటున దాచి వెంట తీసుకొనిపోవుట తగునా? ఈ ప్రసంగమున మేము విచారించునది ఇదియే.

చేతి తుపాకికి కాపలా దాని యజమాని మెలకువయే. చేయి స్వాధీనములో ఉండవలెను, కన్ను తెరచి ఉండవలెను, మనస్సు కుదురుగా ఉండవలెను. రోగి పడకపై ఈ మూడును ఒకనాడు కాకున్న మరొకనాడు తప్పిపోవును. శస్త్రచికిత్సకు ముందు బట్టలు మార్పింతురు, మత్తుమందు ఇత్తురు, తీవ్రమైన జ్వరములో సంధి పుట్టును. దీర్ఘవ్యాధితో మనస్సు క్రుంగిన వేళ, చేతికందు దూరములో తుపాకి ఉండుట మరియొక ప్రమాదము. శత్రువు రాకపోయినను, ఆ ఘడియలో రోగి తనకు తానే శత్రువు కావచ్చును.

రోగి నిద్రించునప్పుడు తుపాకి ఎవరి వశములో ఉండును? మంచము ప్రక్కన చాప వేసుకొన్న కొడుకు సంచిలోనా? దిండు క్రిందనా? 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు మనిషికి ఇచ్చునది, ఇంటికి కాదు. తండ్రి లైసెన్సు చూపి కొడుకు ఆయుధమును దగ్గర ఉంచుకొనుట నేరము. ఇక దిండు క్రింద ఉంచిన, పక్కబట్టలు మార్చు ఆయాకో, పొరుగు మంచము వారి పసివానికో అది దొరకవచ్చును.

అమెరికా దవాఖానలలో 2000 నుండి 2011 వరకు జరిగిన కాల్పులను వైద్యులు పరిశీలించిరి. అత్యవసర విభాగములలో జరిగిన కాల్పులలో నూటికి 23 పర్యాయములు వాడిన తుపాకి, కాపలాదారు నుండి లాగుకొన్నదేనని తేలినది. వృత్తిగా కాపలా కాయువాని ఆయుధమే పరుల పాలైనప్పుడు, సెలైను సూది గుచ్చుకొని పడుకొన్నవాని మాట చెప్పవలెనా?

యంత్రముల వలన ముప్పు వేరు. ఎం.ఆర్.ఐ. పరీక్షలోని అయస్కాంతము పరీక్ష లేని వేళను కూడ పనిచేయుచునే ఉండును. సాధారణముగా వాడు 1.5 టెస్లా యంత్రపు బలము భూమి అయస్కాంత బలమునకు సుమారు 30,000 రెట్లు. 2023 జనవరిలో బ్రెజిల్ దేశములోని సావో పౌలో నగరమున, తల్లికి పరీక్ష చేయించుటకు వచ్చిన ఒక న్యాయవాది పిస్తోలును దాచుకొని ఆ గదిలో ప్రవేశించెను. అయస్కాంతము దానిని లాగివేయగా అది పేలి, గుండు అతని కడుపున తగిలినది. కొన్నిదినములకు ఆయన మరణించెను. ఆయనకు లైసెన్సు కలదు.

లైసెన్సు కోపమును కూడ ఆపజాలదు. 2020 డిసెంబరులో ఆదిలాబాదు తాటిగూడలో పిల్లల క్రికెట్ ఆటపై రేగిన తగాదా లైసెన్సు రివాల్వరు పేలుటకు దారితీసి, ఒక నిండుప్రాణమును బలిగొన్నది. కాల్చినవానికి 2022లో యావజ్జీవ శిక్ష పడినది. ఆటపై తగాదాయే అంత దూరము పోగా, ఆత్మీయుని మరణవార్త విన్న బంధువుల నడుమ తుపాకి ఉండిన ఏమగునో ఊహింపుడు.

మరి మార్గమేమి? ఎన్నికల సమయమున లైసెన్సుదారులు ఆయుధములను పోలీసు ఠాణాలో అప్పగించి రసీదు పొందుట మన జిల్లాలవారు ఎరిగినదే. దవాఖానలో చేరుటకు ముందును అట్లే చేయవచ్చును. ఠాణాలో గాని, అనుమతి గల ఆయుధ వర్తకుని వద్ద గాని భద్రపరచి రసీదు ఉంచుకొనవలెను. హఠాత్తుగా చేరవలసి వచ్చినచో బంధువులు ఆయుధమును తాకక, వెంటనే ఠాణాకు కబురు చేయవలెను. నిజముగా ప్రాణభయము ఉన్నచో పోలీసు రక్షణ కోరవలెను. మెలకువగా కూర్చున్న కాపలాదారు, నిద్రించు రోగి దిండు క్రింది పిస్తోలు కన్న మేలు.

దవాఖానలో చేరినవాడు తన ప్రాణమునే ముక్కుమొగము ఎరుగని వైద్యుని చేతిలో పెట్టుచున్నాడు. అంతటి నమ్మకము ఉంచినవానికి, తుపాకిని నాలుగు దినములు ఠాణాలో ఉంచుట కష్టము కారాదు.