ఆంక్షకూ ఒక కొలత ఉండాలి
(మదనపల్లె సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

2019 నవంబరులో ఈ మదనపల్లె సమీపాన, పెళ్లికి వచ్చిన ఒక పసిబిడ్డపై జరిగిన ఘోరాన్ని మనమెవరమూ మరువలేదు. 2020 ఫిబ్రవరిలో చిత్తూరు న్యాయస్థానం దోషికి మరణశిక్ష విధించింది. ఇటువంటి నేరస్థుడు ఏ మతస్థుడైనా మనం నిలబడవలసింది బాధితుల పక్షాననే.

అయితే లైంగిక నేరాలలో దోషులందరికీ మరణశిక్ష పడదు. అప్పీలు తేలేవరకు బెయిలుపైన కొందరు, శిక్ష ముగించుకొని మరికొందరు బయటికి వస్తారు. అప్పుడు వారిపై న్యాయస్థానం ఎటువంటి ఆంక్షలు పెట్టవచ్చు? వాటికి కొలత ఏమిటి?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం తీర్పునిచ్చింది. ఆ హక్కుకు పరిమితి విధించేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. చట్టం అందుకు అనుమతిస్తున్నదా? ఉద్దేశం న్యాయమైనదా? ఆ ఉద్దేశానికి అవసరమైనంత మేరకే ఆంక్ష ఉన్నదా?

నిందితుడు బాధితురాలిచేత రాఖీ కట్టించుకోవాలని మధ్యప్రదేశ్ హైకోర్టు పెట్టిన బెయిలు షరతును 2021 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. షరతులు బాధితురాలిని నిందితునికి దూరంగా ఉంచాలే తప్ప ఎదుట నిలబెట్టరాదన్నది. నిందితుడు ఎక్కడున్నదీ గూగుల్ పటంలో దర్యాప్తు అధికారికి నిరంతరం కనిపించాలన్న షరతును 2024 జూలైలో రద్దుచేసింది. అది మాదకద్రవ్యాల కేసే అయినా సూత్రం అందరికీ వర్తిస్తుంది. బాధితురాలి ఇంటి దరిదాపులకు రాకుండా ఆపడం రక్షణ. మనిషి అడుగడుగునూ వెంబడించడం అదుపులేని అధికారం.

శిక్షను సడలించడానికీ ఇదే కొలత. బిల్కీస్ బానో కేసులో పదకొండుమంది దోషులను గుజరాత్ ప్రభుత్వం 2022 ఆగస్టు 15న విడుదల చేసింది. ఆ అధికారం దానికి లేదని 2024 జనవరి 8న సుప్రీంకోర్టు తేల్చి, వారిని తిరిగి జైలుకు పంపింది. ఆ క్షమాభిక్ష మొదటి ప్రశ్న దగ్గరే ఓడిపోయింది.

నాడు బిల్కీస్ కోసం చట్టాన్ని అడిగిన మనం, నేడు మనకు అసహ్యమైన వాని విషయంలోనూ చట్టాన్నే అడగాలి. దోషి విషయంలో హద్దు చెరిపేందుకు ఒప్పుకుంటే, రేపు కేవలం అనుమానంతో పట్టుకుపోయిన మన బిడ్డకు ఆ హద్దు మిగలదు.

ఇందులో మన బాధ్యతా ఉన్నది. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలపడం పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి. దాచితే ఆరు నెలల వరకు జైలు. రాజీ కుదిరిందన్న కారణంతో ఇటువంటి కేసును కొట్టివేయరాదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక జమాఅత్ పెద్దలు కుటుంబ పరువు పేరిట పంచాయితీకి కూర్చోరాదు. బిడ్డ పేరు, ఊరు ఎవరి నోటా బయటికి రానివ్వరాదు.

ఆప్తులకు వ్యతిరేకమైనా న్యాయంపై నిలవాలని, ద్వేషం మనల్ని న్యాయం నుండి తప్పించరాదని ఖుర్ఆన్ బోధిస్తున్నది. ఆ రెండింటినీ పాటించే స్థైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.