యంత్రం దిద్దే వ్యాసం

(భాషాధ్యాపకుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



వ్యాసాల కట్ట ముందు పెట్టుకొని అర్ధరాత్రి దాకా కూర్చొనే శ్రమ మీకు నేను వర్ణించి చెప్పనక్కరలేదు. ఆ శ్రమను తగ్గించాలనే అమెరికా విద్యావేత్త ఎల్లిస్ పేజ్, ఒకప్పుడు తానూ ఇంగ్లీషు బోధించినవాడే, కంప్యూటరుచేత వ్యాసాలు దిద్దించవచ్చునని 1966లో ప్రకటించారు. ఆనాటి యంత్రానికి చదవడం రాదు, లెక్కించడం వచ్చు. కనుక వ్యాసం నిడివి, పదాల సగటు పొడవు, కామాల సంఖ్య మొదలైనవి లెక్కించి, మనుషులు వేసిన మార్కులతో సరిచూచి, కొత్త వ్యాసానికి మార్కును అంచనా కట్టే ఏర్పాటు చేశారు. 1999లో జీమ్యాట్ పరీక్షలో ఈ-రేటర్ అనే విధానం మానవ పరీక్షకునికి తోడుగా ప్రవేశించింది. అనంతరం ఇంగ్లీషు మాతృభాష కానివారు వ్రాసే టోఫెల్‌కూ విస్తరించింది.

యంత్రం అలసిపోదు, దస్తూరి చూచి విసుక్కోదు. ఈ గుణాలు మనకు లేవని ఒప్పుకొనవలసిందే. అయితే 2014లో ఎం.ఐ.టి.కి చెందిన లెస్ పెరెల్‌మన్ విద్యార్థులతో కలిసి ఒక ప్రోగ్రామును రూపొందించారు. రెండు మూడు మాటలు అందిస్తే చాలు, అర్థంపర్థం లేని ఆడంబర వ్యాసాన్ని క్షణంలో అల్లుతుంది. అటువంటి వ్యాసాలకు యంత్రాలు ఉత్తమశ్రేణి మార్కులు వేశాయి!

పరభాషలో వ్రాసేవాని విషయం మరింత సున్నితం. తెలుగు విద్యార్థి ఇంగ్లీషులో 'ద' విడిచిపెడతాడు; తెలుగులో అటువంటి మాటే లేదు కదా. లెక్కించే యంత్రానికి అవి పది తప్పులు. తెలుగు ఎరిగిన ఉపాధ్యాయునికి అది పదిసార్లు కనిపించిన ఒకే తప్పు. ఈ కొలబద్దనే తెలుగుకు తెస్తే మరో చిక్కు. 'వెళ్ళలేకపోయినందువల్ల' అన్నది మనకు ఒక్క మాట. పదాల సంఖ్యతో నిడివి కొలిస్తే, విడదీసి వ్రాసినవాడు ఎక్కువ వ్రాసినట్లూ, కలిపి వ్రాసినవాడు తక్కువ వ్రాసినట్లూ తేలుతుంది.

నేటి యంత్రాలు కామాలు లెక్కించే దశ దాటాయి. వ్యాఖ్యలు సైతం వ్రాస్తున్నాయి. అక్షరదోషాలు పట్టడానికి నేనూ వాడుతున్నాను. మార్కు మాత్రం నేనే వేస్తాను. ఎందుకంటారా?

తెలంగాణలో 2018 నాటి చట్టంతో అన్ని పాఠశాలల్లోనూ తెలుగు బోధన తప్పనిసరి అయింది. ఇంట హిందీ, ఉర్దూ మాట్లాడే పిల్లల వ్యాసాలు మన బల్లమీదికి వస్తున్నాయి. ఒక బాలిక, "మనం సెలవుల్లో అమ్మమ్మ ఊరికి వెళ్ళాము" అని వ్రాసింది. వ్యాకరణం సరిగానే ఉంది. ఎర్రగీత గీయడానికి యంత్రానికి కారణం కనిపించదు. కాని వాళ్ళ అమ్మమ్మ ఊరికి నేను వెళ్ళలేదు! హిందీలో మన 'మేము'కూ 'మనము'కూ 'హమ్' ఒక్కటే.

"అయితే నన్నూ వెంట తీసుకువెళ్ళావన్నమాట, అమ్మా!" అన్నాను. ఒక్క క్షణం తెల్లబోయింది. తరువాత నవ్వి, తానే కొట్టివేసి 'మేము' అని దిద్దుకొన్నది. ఆ వ్యాసానికి ఎన్ని మార్కులు వేశానో ఇప్పుడు నాకు జ్ఞాపకం లేదు.