రాత కూడా పనే – కూలి ముందే మాట్లాడుకుందాం

(మహిళా కార్యకర్తల రచనా శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



పత్రికలకి రాసి డబ్బు సంపాదించుకోవడం ఎలా అన్న విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. పిలిచిన వాళ్లు ఆ "డబ్బు" అన్న మాట దగ్గర కాస్త మొహమాటపడ్డారు. ఆ మొహమాటం దగ్గరే మొదలుపెడతాను.

కనీస వేతనాల గురించి మనం గంటలకొద్దీ మాట్లాడగలం. అంగన్‌వాడీ కార్యకర్తలకి ఇచ్చేదాన్ని జీతం అనకుండా "గౌరవ వేతనం" అనడంలో ఉన్న మోసాన్ని విడమరిచి చెప్పగలం. ఇంటి చాకిరీకి లెక్క లేకపోవడం గురించి కరపత్రాలు వేశాం. కానీ మన రాత దగ్గరికి వచ్చేసరికి మనమే నోరు మెదపం. పత్రిక వాళ్లు ఇస్తే పుచ్చుకుంటాం, ఇవ్వకపోతే పేరు అచ్చులో చూసుకుని సంతోషిస్తాం. వాళ్లు కూడా జీతం అనరు, కూలి అనరు. "పారితోషికం" అంటారు. పరితోషం కలిగి ఇచ్చేది కాబట్టి, కలగకపోతే ఇవ్వకపోయినా అడిగేవాళ్లుండరు.

ఆడవాళ్ల రాతని తీరిక వేళల వ్యాపకంగా చూడడం పాత అలవాటు. మగవాడు రాసుకుంటుంటే ఇంట్లో పిల్లల్ని సద్దు చేయనివ్వరు. మనం రాసుకుంటుంటే "ఖాళీగా ఉన్నావా?" అని అడుగుతారు. నిజానికి తెలుగు పత్రికలు ఆడవాళ్ల రాత మీద బాగానే బతికాయి. 1902లో "హిందూ సుందరి" మొదలైన నాటి నుంచీ స్త్రీలు వాటికి రాస్తూనే ఉన్నారు. "గృహలక్ష్మి"లో కనుపర్తి వరలక్ష్మమ్మగారి "శారద లేఖలు", ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాల పాటు మాలతీ చందూర్ గారు నడిపిన "ప్రమదావనం" పాఠకులు వెతుక్కుని చదివిన శీర్షికలు. సీరియల్ నవలల కాలంలో రచయిత్రుల పేర్లకి ఎంత గిరాకీ ఏర్పడిందంటే, కొందరు మగవాళ్లు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. మన పేరుకి, మన రాతకి వెల ఉందని పత్రికలకి ఎప్పుడో తెలుసు. తెలియాల్సింది మనకి.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఊరికే ఉదాహరణకి అనుకోండి. ఒక పత్రిక మీ వ్యాసానికి 1,000 రూపాయలు ఇచ్చింది. ఒకరోజు ఊరు వెళ్లి మనుషులతో మాట్లాడారు. ఒకరోజు కాగితాలు వెతికి, ఫోన్లు చేసి, విన్నవి సరిచూసుకున్నారు. ఒకరోజు కూర్చుని రాశారు. బస్సు ఛార్జీలు, టీలు, జిరాక్సులు కలిపి 350 అయ్యాయి. మిగిలింది 650. మూడు రోజులకి పంచితే రోజుకి 217 రూపాయలు కూడా రాలేదు. 2025–26లో మన రెండు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ రోజు కూలి 307. ఈ లెక్క భయపెట్టడానికి చెప్పడం లేదు. ఏ వ్యాసం ఎవరికి, ఎంతకి రాయాలో నిర్ణయించుకోవడానికి ఈ లెక్క చేతిలో ఉండాలి. ఒక ప్రయాణంలో సేకరించినదాన్ని రెండు మూడు చోట్ల వేరువేరు కోణాల నుంచి రాయగలిగితేనే ఆ రోజు కూలి పడుతుంది. ఒకే వ్యాసాన్ని రెండు చోట్లకి పంపమని కాదు. ఒకే పరిశీలన నుంచి వేరు వ్యాసాలు అని.

ఇంతకీ అవకాశాలు ఎక్కడున్నాయి? పాత పత్రికలు చాలా పోయాయి. ఆంధ్రపత్రిక వారపత్రిక లేదు, "విపుల", "చతుర" లేవు. 2020 కోవిడ్ లాక్‌డౌన్ మిగిలిన వాటిలోనూ ఎన్నింటి నడుమో విరిచింది. దినపత్రికల మహిళా పేజీల్లో, ఆదివారం అనుబంధాల్లో ఎక్కువ భాగం సిబ్బందే రాస్తారు. అయితే డెస్కులో కూర్చున్నవాళ్లు మీ మండలానికి రాలేరు. మీరు అక్కడే ఉన్నారు, అదే మీ బలం. ఇక ఆకాశవాణి ప్రసంగాలు, రూపకాలు ఉన్నాయి. ప్రచురణ సంస్థల అనువాదాలు, ఎడిటింగు, ప్రూఫులు దిద్దే పని ఉంది. స్వచ్ఛంద సంస్థల శిక్షణ పుస్తకాలు, నివేదికలు, పోస్టర్ల పాఠం ఉన్నాయి. పేరు రాకపోయినా డబ్బు ఎక్కువగా వచ్చేది ఈ చివరి రెండింటిలోనే అని నా అనుభవం. తెలుగుతో పాటు అనేక భాషల్లో గ్రామీణ జీవితం మీద రచనలు ప్రచురించే "పరి" లాంటి వేదికలు 2014 నుంచి వచ్చాయి. రాయడం చదువుకున్న పట్నం వాళ్ల పనేనని ఎవరైనా అంటే, 2001లో చిత్తూరు జిల్లా పొదుపు సంఘాల స్త్రీలు విలేఖరులై తెచ్చిన "నవోదయం" పత్రికని గుర్తుచేయండి.

మొత్తం రాసేసి పంపి, నెలల తరబడి ఎదురుచూడడం మనకి అలవాటు. కథకి అది తప్పదు. వ్యాసానికి ముందు ఒక ప్రతిపాదన పంపండి. ఒక పేజీ చాలు. ఉదాహరణకి గుంటూరు ప్రాంతంలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల గురించి రాయాలనుకున్నారు. "మిర్చి కార్మిక స్త్రీల సమస్యలు" అని పంపితే సంపాదకుడికి ఏమీ బోధపడదు. "కాయ తూకం మీద కూలి కట్టే ఈ పనిలో చేతుల మంటకి, దగ్గుకి అయ్యే మందుల ఖర్చు ఎవరిది? ఇద్దరు కార్మికులు, ఒక మేస్త్రీ, ఒక డాక్టరు, ఒక వ్యాపారితో మాట్లాడి రాస్తాను. సీజను మొదలయ్యే వారానికి అందిస్తాను. 1,200 మాటలు, నాలుగు ఫొటోలు" అని పంపితే బోధపడుతుంది. ఏమిటి, ఇప్పుడే ఎందుకు, ఎవరితో మాట్లాడతారు, మీరే ఎందుకు రాయగలరు, ఎంత, ఎప్పటికి – ఇవి చాలు. పంపే ముందు ఆ పత్రిక సంచికలు నాలుగు తిరగేయండి. అదే విషయం పోయిన నెలలో వచ్చి ఉంటే మీ ప్రతిపాదన చెత్తబుట్టకే. రెండు మూడు వారాల్లో జవాబు రాకపోతే ఒక ఉత్తరం, అప్పటికీ రాకపోతే వేరే పత్రిక. కోపతాపాలు అక్కర్లేదు.

సరే, ఒప్పుకున్నారు. అప్పుడు అడగాలి. ఆకాశవాణిలో ప్రసంగం చేసినవాళ్లు మీలో ఉంటే తెలుస్తుంది, ముందుగా ఒక కాంట్రాక్టు కాగితం వస్తుంది. విషయం, నిడివి, తేదీ, ఇచ్చే సొమ్ము అందులో ఉంటాయి. సంతకం పెట్టి పంపాకే రికార్డింగు. పత్రికల దగ్గర మనం అడగాల్సిందీ అంతే. ఎంత ఇస్తారు? ఎప్పుడు ఇస్తారు – అంగీకరించినప్పుడా, అచ్చయ్యాకా? ఏ హక్కుకి ఇస్తున్నారు – ఒకసారి ప్రచురణకా, పుస్తకానికి, అనువాదానికి, ఆడియోకి కూడానా? ఒప్పుకున్నాక వేయకపోతే ఏమిస్తారు? ఈ నాలుగూ ఫోన్లో మాట్లాడితే, ఆ సాయంత్రమే "మనం అనుకున్నది ఇదీ" అని ఈమెయిలో వాట్సాప్ మెసేజో పెట్టండి. అది చెరపకుండా దాచండి. గట్టిగా పోట్లాడలేని వాళ్లకి రాతే పెద్ద అండ.

మన పత్రికల్లో "హామీపత్రం" అని ఒకటుంది. ఈ రచన నా సొంతం, అనువాదం కాదు, అనుసరణ కాదు, వేరే పత్రిక పరిశీలనలో లేదు అని రచయిత్రి రాసివ్వాలి. న్యాయమే, రాసివ్వండి. కానీ అటునుంచి హామీ ఏదీ? ఎన్నాళ్లలో నిర్ణయం చెబుతారు, ఎంత ఇస్తారు అన్నది వాళ్లూ చెప్పాలి కదా! కథల పోటీల నిబంధనలు కూడా చివరి వాక్యం దాకా చదవండి. బహుమతి ముగ్గురికి వస్తుంది. "సాధారణ ప్రచురణకి" తీసుకునేవి పాతిక ఉంటాయి. వాటికి ఏమిస్తారో, సర్వహక్కులూ ఎవరివో అక్కడే ఉంటుంది.

ఇక్కడ చట్టం మన పక్షానే ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి కాని రచయిత్రి రాసినదానికి మొదటి హక్కుదారు ఆమే. ఆమె సంతకం చేసిన కాగితం లేకుండా ఆ హక్కు బదిలీ కాదు. ఆ కాగితంలో ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం, ఎంత ప్రతిఫలం అన్నవి ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశమనీ అర్థం. "అచ్చువేశాం కాబట్టి మాదే" అనడానికి లేదు.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఒక పత్రికలో వచ్చిన నా వ్యాసాల్ని వాళ్లే మరికొందరి రచనలతో కలిపి పుస్తకంగా వేశారు. నాకు కబురు లేదు, ప్రతి కూడా లేదు. నేను మొదట్లో "ఒకసారి పత్రికా ప్రచురణకి మాత్రమే" అని రాసిన ఉత్తరం నకలు నా దగ్గరుంది. దాన్ని జతచేసి మర్యాదగానే రాశాను. రెండో ఉత్తరానికి డబ్బూ వచ్చింది, ఐదు ప్రతులూ వచ్చాయి. అదే పుస్తకంలో ఉన్న ఇంకో ఇద్దరు అడగలేదు. వాళ్లకి రాలేదు.

స్వచ్ఛంద సంస్థల్లో జీతానికి పనిచేసే వాళ్ల సంగతి వేరు. ఉద్యోగంలో భాగంగా రాసిన నివేదిక మీద, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ సంస్థదే. కానీ రాసింది నేనే అని చెప్పుకునే హక్కు ఆ చట్టంలోని 57వ సెక్షను కింద రాసినవారి దగ్గరే ఉంటుంది. క్షేత్రంలో తిరిగి మీరు రాసిన కేసు చరిత్రలు డైరెక్టరు పేరుతో అచ్చవుతుంటే, ఈ సెక్షను గుర్తుపెట్టుకోండి.

డబ్బు రాబట్టుకోవడం గురించి. పని అందించగానే బిల్లు పంపండి. తేదీ, రచన పేరు, మొత్తం, బ్యాంకు ఖాతా, పాన్ నంబరు ఉండాలి. ఖాతా మీ పేరునే ఉండాలి. భర్త ఖాతాలో పడిన సొమ్ము మీ సంపాదనగా ఎవరి లెక్కలోకీ రాదు, ఒక్కోసారి మీ లెక్కలోకి కూడా. పన్ను కోసి ఇస్తే, మీ ఆదాయం పన్ను కట్టాల్సినంత లేనప్పుడు రిటర్ను వేసి తిరిగి తెచ్చుకోవచ్చు. బాకీ వసూలుకి దావా వేయడానికి గడువు మామూలుగా 3 ఏళ్లు. అందుకని "చూద్దాం, చేద్దాం" అంటూ ఏళ్లు గడపనివ్వకండి. లాయరు ఖర్చుకి వెనకాడేవాళ్లకి ఒక మాట: 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం కింద స్త్రీలకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. కుటుంబ హింస కేసులకి మనం ఇతరుల్ని పంపే ఆ జిల్లా కార్యాలయానికే మన బాకీ కోసం మనమూ వెళ్లవచ్చు. సంస్థలకి అనువాదాలు, నివేదికలు తరచు చేసేవాళ్లు సూక్ష్మ సంస్థగా "ఉద్యమ్" నమోదు చేసుకోండి. రుసుము లేదు. ఒప్పందంలో ఏ గడువు రాసుకున్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 చట్టం చెబుతుంది. అయితే నమోదు పని మొదలుపెట్టడానికి ముందే చేసుకోవడం మంచిది.

చివరిగా మన సంగతి. మనం నడిపే పత్రికలు, ఈ త్రైమాసిక పత్రికతో సహా, చందాల మీద, విరాళాల మీద నడుస్తాయి. ఇలాంటి వాటికి డబ్బు లేకుండా రాయొద్దని నేను చెప్పను. ఉద్యమానికి ఇచ్చే రాత మన చందా లాంటిది. అయితే చందా ఇచ్చేవాళ్లకి తాము ఇస్తున్నామని తెలియాలి, తీసుకునేవాళ్లు రసీదు ఇవ్వాలి. "మేం ఇవ్వలేం, హక్కులన్నీ మీవే, రెండు ప్రతులు పంపుతాం" అని ముందే రాయడం ఆ రసీదు. కానీ ప్రాజెక్టు బడ్జెట్లో ప్రింటింగుకి, డిజైనుకి, ప్రారంభోత్సవం భోజనాలకి పద్దులు రాసి, పుస్తకం రాసిన ఆమెకి మాత్రం శాలువా కప్పే పద్ధతి మన సంస్థల్లోనే ఉంది. కాగితం అమ్మినవాడికి డబ్బివ్వకుండా శాలువా కప్పగలమా? బీడీ కార్మికుల కూలి కోసం ధర్నాలో కూర్చున్న మనం, ఆ ధర్నా మీద నివేదిక రాసిన అమ్మాయికి ఏమిచ్చాం?

అందుకని ఈ శిబిరం ముగిసేలోగా రెండు పనులు చేద్దామని నా సూచన. మొదటిది: ఎవరు ఏ పత్రికకి, ఏ సంస్థకి ఏం రాశారు, ఎంత ఇచ్చారు, ఎన్నాళ్లకి ఇచ్చారు అన్నది ఒక రిజిస్టరులో రాయడం మొదలుపెడదాం. ఒకరి రేటు ఒకరికి తెలియకపోవడం వల్లే అందరికీ తక్కువ వస్తోంది. రెండోది: ఇక్కడ ఉన్న ప్రతి సంస్థా వచ్చే బడ్జెట్లో "రచన, అనువాదం" అని ఒక పద్దు పెట్టాలి, అంకెతో సహా. ఆ అంకె చిన్నదైనా ఫరవాలేదు. పద్దు ఉంటే రేపు పెంచమని అడగవచ్చు. పద్దే లేకపోతే అడగడానికి చోటే ఉండదు.

రిజిస్టరు బల్ల మీద పెట్టాను. నా వివరాలు మొదటి పేజీలో రాశాను. భోజనాలకి లేచే ముందు మీవి కూడా రాయండి.