ఒక నగరము, రెండు సైన్యములు

మంజీరానదికి అడ్డముగా అచ్చంపేట వద్ద నిజాంసాగరపు పనులు 1923లో ఆరంభమైనవి. నవాబ్ అలీ నవాజ్ జంగ్ గారి పర్యవేక్షణలో ఎనిమిదేండ్లు సాగి, 1931లో జలాశయము పూర్తియైనది. పని మొదలైన యేట పుట్టిన బిడ్డలకు పదునెనిమిదేండ్లు నిండునప్పటికి, అనగా 1941 నాటికి, లోకము రెండవ మహాయుద్ధములో మునిగియుండెను. ఈ లెక్క మేము ఊరక వేయలేదు. నేటి ప్రసంగములో మేము చెప్పబోవు యువకులలో ఇద్దరు సరిగా ఆ 1923లో జన్మించినవారే. వేరొకరు జలాశయము పూర్తియైన నాటికి ఇరువదియేండ్ల పడుచువాడు. ముగ్గురును మన నేలమీద పుట్టినవారే. ముగ్గురును ఒకే యుద్ధరంగమునకు పోయినవారే. కాని ఇద్దరొక పక్షమునను, ఒకరు ఎదుటి పక్షమునను నిలిచిరి. అట్లు నిలిచియు ముగ్గురును బ్రతికి బయటపడిరి.

నిజాంసాగరపు కాలువల క్రింది రైతుకు యుద్ధమనగా మొదట తెలిసినది ఫిరంగిమ్రోత కాదు, లెవీ ధాన్యము. పండినదానిలో ఇంతభాగము సర్కారు నిర్ణయించిన ధరకే కొలువవలెను. బట్టకు కంట్రోలు, కిరసనాయిలుకు కంట్రోలు. కాలువనీటి నాశించి కృష్ణా గోదావరీ మండలములనుండి బాన్సువాడ, బోధను ప్రాంతములకు వలసవచ్చిన రైతుకుటుంబములకు యుద్ధము మరియొక త్రోవను కూడ వచ్చినది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను బాంబులు వేసినవి. తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరమునుండి రెండు మహాయుద్ధములకును పెక్కుమంది సైనికులు వెళ్ళినందున ఆ యూరికి మిలిటరీ మాధవరమను పేరే నిలిచిపోయినది. రంగూనులో కూలియో వ్యాపారమో చేసికొనుచుండిన తెలుగువారు వేలకొలదిగా ఆ యేడే ఇల్లు విడిచి బయలుదేరిరి. కాలినడకను కొండలు దాటి వచ్చినవారు కలరు, దారిలోనే రాలినవారును కలరు.

ఇక హైదరాబాదు సంస్థానము సంగతి. నిజాము ప్రభువు బ్రిటిషువారికి ‘యారె వఫాదార్’, అనగా నమ్మకముగల మిత్రుడు. ఆ బిరుదు మొదటి మహాయుద్ధకాలమున ఆయన చేసిన సాయమునకు ప్రతిఫలము. 1918లోనే ఆయన ధనముతో ఒక విమానదళము ఏర్పడినది. రెండవ యుద్ధములో బ్రిటిషు వాయుసేనయందలి 152వ స్క్వాడ్రనుకు హైదరాబాదు పేరు పెట్టిరి. దాని చిహ్నముమీద నిజాముగారి దస్తారు, క్రింద ఆ నమ్మకపు మిత్రుని బిరుదమే. ఆ దళపు స్పిట్‌ఫైరు విమానములు ఇంగ్లండు ఆకాశములో పోరాడి, మధ్యధరా సముద్రపు తీరములు చూచి, చివరకు బర్మా సరిహద్దునకు వచ్చినవి. సంస్థానపు బొక్కసము నిండినది ఎక్కువగా భూమిశిస్తుతోను, ఆబ్కారీతోను కదా. తన పైకము ఏ ఆకాశమున ఎగురుచున్నదో తెలిసిన రైతు ఒక్కడైనను ఉండెనా అని మాకు అనుమానము.

విమానములతో పాటు మనుష్యులును వెళ్ళిరి. సంస్థానపు సేనలోని ఒకటవ హైదరాబాదు పదాతిదళము మలయాలో కోటాబారు విమానాశ్రయమునకు కావలిగా ఉండెను. 1941 డిసెంబరు 8వ తేదీన అర్ధరాత్రి దాటిన కొలది సేపటికి జపాను సైనికులు ఆ తీరమున దిగిరి. పెరల్ హార్బరుమీద బాంబులు పడుటకు ఇంకను గంటకు పైగా వ్యవధి ఉన్నది. పసిఫిక్ మహాయుద్ధపు మొదటి గుండ్లు ప్రేలినది ఆ యిసుకమీదనే, వాటి చెంత నిలిచినవారిలో మన సంస్థానపు సిపాయిలుండిరి. ఆ గందరగోళములో దళాధిపతియే మరణించెను, విమానాశ్రయము చేయిజారెను. అక్కడనుండి రెండు నెలలు వెనుకకు, ఇంకను వెనుకకు నడచుటయే.

1942 ఫిబ్రవరి 15వ తేదీన సింగపూరు లొంగిపోయెను. రెండు దినముల పిమ్మట నలుబదివేల పైచిలుకు భారతీయ సైనికులను ఫారర్ పార్కను మైదానములో సమావేశపరచిరి. బ్రిటిషు అధికారి వారిని జపానువారికి అప్పగించినట్లు ప్రకటించెను. జపాను అధికారి ఫుజివారా వారిని కెప్టెన్ మోహన్‌సింగు చేతిలో పెట్టెను. మోహన్‌సింగు భారత స్వాతంత్ర్యమునకై పోరాడు సేనలో చేరుడని పిలిచెను.

ఇచ్చట మనము కొంచెము నిలిచి ఆలోచింపవలెను. ఆ మైదానములో కూర్చున్నవాడు ఇరువదియేండ్ల పల్లెటూరి బిడ్డ. నిన్నటివరకు ఒకే పళ్ళెములో తిన్న ఇద్దరు మిత్రులలో ఒకడు లేచి చేయెత్తెను. రెండవవాడు తల వంచుకొని కూర్చుండెను. ఎత్తినవాడు దేశభక్తుడు, ఎత్తనివాడు దాసుడు అని పిమ్మట కొందరు చెప్పిరి. ఎత్తినవాడు ద్రోహి, ఎత్తనివాడు విశ్వాసపాత్రుడని మరికొందరు వ్రాసిరి. రెండు మాటలును సుఖముగా ఇంటిలో కూర్చున్నవారి మాటలని మా అభిప్రాయము. చేరినవారిలో స్వరాజ్యముకొరకు ప్రాణమిత్తుమని నిజముగా నమ్మినవారుండిరి. తమను విడిచిపెట్టిన దొరలమీద కోపముచేత చేరినవారుండిరి. శిబిరపు ఆకలికి, దెబ్బలకు తాళలేక చేరినవారును ఉండిరి. చేరనివారిలో ఉప్పు తిన్నచోట ప్రమాణము తప్పరాదనుకొన్నవారు కొందరు; జపానువాని మాట నమ్మనివారు కొందరు; ఇంటికి నెలనెలా పోవు మనియార్డరు ఆగిపోవునని భయపడినవారు కొందరు. చేరనివారిలో వేలమందిని జపానువారు ఓడలకెక్కించి న్యూగినీ ముదలగు దీవులకు కూలిపనికి తోలిరి. వారిలో తిరిగివచ్చినవారు కొద్దిమంది. కాబట్టి చేయెత్తకుండుట పిరికితనమను మాట నిలువదు.

ఒక తల్లి బిడ్డలే ఎదురెదురుగా నిలిచిన సందర్భమును కలదు. కొడగు దేశపు తిమ్మయ్య, తరువాత భారతసైన్యమునకు అధిపతియైనవాడు, అరకానులో హైదరాబాదు రెజిమెంటునకు చెందిన ఒక బెటాలియనును నడపుచుండగా, ఆయన సోదరుడు ఆజాద్ హింద్ ఫౌజులో ఉండెను. (ఆ రెజిమెంటునకు పేరు మాత్రమే హైదరాబాదుది, సిపాయిలు ఎక్కువగా కుమావూ కొండలవారు, ఉత్తరదేశపు జాట్లు, ఆహీరులు. 1945 అక్టోబరులో దాని పేరు కుమావూ రెజిమెంటుగా మారినది.)

మన ముగ్గురి కథకు వత్తుము. 1911లో హైదరాబాదు నగరమున జన్మించిన ఆబిద్ హసన్ పసితనమునుండి జాతీయోద్యమపు గాలి వీచు ఇంటిలో పెరిగినవాడు. కొంతకాలము సబర్మతీ ఆశ్రమమున ఉండెను. ఇంజనీరింగు చదువునకై జర్మనీ వెళ్ళి, అచ్చట సుభాస్ చంద్రబోసును కలిసికొని, చదువు మాని ఆయనకు కార్యదర్శియయ్యెను. నేడు మన పిల్లలు బడిలో పలుకు ‘జై హింద్’ అను నినాదమును కూర్చినవాడు ఈయనయే అని ప్రసిద్ధి. సేనలో హిందువులు కాషాయపు జెండాను, ముస్లిములు ఆకుపచ్చ జెండాను కోరగా, తుదకు హిందూ సైనికులు తమ పట్టుదల విడిచిరనియు, అందుకు కరిగి ఈయన తన పేరునకు ‘సఫ్రానీ’ అని కాషాయపు గుర్తును చేర్చుకొనెననియు చెప్పుదురు.

1943 ఫిబ్రవరి 9వ తేదీన బోసుతో కలిసి ఈయన జర్మనీలో యు-180 అను జలాంతర్గామి నెక్కెను. భారతీయులు ఆ పడవలో ఇద్దరే. గాలియు వెలుతురును లేని ఇరుకు గదిలో, డీజిలు వాసనలో, అట్లాంటిక్ సముద్రమునంతయు దాటి, ఆఫ్రికా దక్షిణపు కొనను చుట్టి, ఏప్రిల్ చివర మడగాస్కరు దీవికి చేరువలో జపాను జలాంతర్గామిని కలిసికొనిరి. సముద్రము పొంగుచుండగా రబ్బరు తెప్పమీద కూర్చుండి, నిలువెల్ల తడిసి, ఒక పడవనుండి మరియొక పడవలోనికి మారిరి. మే నెలలో సుమత్రా కొనయందలి సబాంగ్ రేవులో దిగిరి. మూడు నెలల ప్రయాణము. ఆ మూడు నెలలలో పైనెగురు ఏ శత్రువిమానము కంటబడినను కథ అక్కడితో ముగిసెడిది.

శత్రువిమానమంటిమి. ఆ సంవత్సరముననే ఆబిద్ హసన్ పుట్టిన నగరమునకే చెందిన మరియొక యువకుడు ఆ ‘శత్రువు’ విమానములను నడపుట నేర్చుకొనుచుండెను. ఇద్రీస్ హసన్ లతీఫ్ 1923లో హైదరాబాదున పుట్టి, 1942లో భారత వాయుసేనలో అధికారియై, ఇంగ్లండునకు శిక్షణకై పంపబడిన కొద్దిమంది భారతీయులలో ఒకడయ్యెను. 1944లో తిరిగివచ్చి బర్మా యుద్ధరంగమున పాల్గొనెను. మూడవవాడు ఆంధ్రదేశమున 1923లోనే పుట్టిన కె.వి. కృష్ణారావు. 1942 ఆగస్టు 9వ తేదీన మహార్ రెజిమెంటులో అధికారిగా చేరి బర్మాలో పనిచేసెను. ఆ తేది గమనింపదగినది. మహాత్ముడు ‘క్విట్ ఇండియా’ తీర్మానపు మరునాడు చెరపట్టబడిన దినమది. దేశమంతట యువకులు చదువులు విడిచి చెరసాలలకు పోవుచుండగా ఈ యువకుడు సైనికాధికారి దుస్తులు తొడిగెను. మేము దీనిని నిందగా చెప్పుటలేదు. సైన్యము లేక స్వరాజ్యము నిలుచునా, ఆ సైన్యమును నడపు విద్య ఎక్కడ నేర్వవలెను అను ప్రశ్న పిమ్మట 1947 అక్టోబరులో కాశ్మీరు లోయలో తలయెత్తినప్పుడు, సమాధానము చెప్పినవారు ఇట్టి యువకులే.

1944 మార్చిలో జపాను సేనలు ఇంఫాల్ మీదికి కదలెను. వారితో ఆజాద్ హింద్ ఫౌజు దళములును కదలినవి. ఇంఫాల్ నేడో రేపో పడిపోవును, బరువులు వెనుక విడిచి తేలికగా నడువుడని ఫౌజువారికి చెప్పిరి. వారు మరతుపాకులను కూడ వెనుక విడిచి, ఒక కంబళియు, తుపాకియు, కొలదిగా తూటాలును తీసికొని నడచిరి. ఇంఫాల్ పడలేదు. వానలు పడినవి. బియ్యము రాలేదు, మందులు రాలేదు, తలపైకి వచ్చునవి అన్నియు ఎదుటివారి విమానములే. జూలైలో వెనుకకు మరలునప్పటికి తుపాకి దెబ్బకంటె మలేరియాకు, రక్తవిరేచనములకు, ఆకలికి బలియైనవారే అధికము. ఆబిద్ హసన్ ఆ వానలో, ఆ బురదలో తన మనుష్యులతో నడచి వచ్చినవాడు. ఆ అనుభవమును ‘ఇంఫాల్ నుండి వచ్చిన మనుష్యులు’ అని అర్థమిచ్చు పేరుతో తరువాత ఆంగ్లములో వ్రాసెను.

అవతలి పక్షమున ఆకలి లేదు. విమానములద్వారా ఆహారము, మందులు వచ్చుచుండెను. కాని అడవి ఒకటే, జలగలు ఒకటే, వాన ఒకటే. అరపు వినబడునంత దూరములో ఉన్నప్పుడు ఇవతలివారును అవతలివారును ఒకే భాషలో ఒకరినొకరు పిలిచికొనిరి; మావైపు రండని ఇరుపక్కలనుండియు కేకలు వేసిరి. అటువంటి యుద్ధము లోకములో అరుదు.

1945 ఆగస్టుతో తుపాకులు ఆగినవి. పట్టుబడిన ఆజాద్ హింద్ సైనికులను బ్రిటిషువారు తెలుపు, బూడిద, నలుపు అని మూడు రంగులుగా విభజించిరి. తెలుపనగా విశ్వాసము తప్పనివాడు. బూడిదయనగా పరిస్థితికి లొంగినవాడు. నలుపనగా మనసార చేరినవాడు. మనిషి హృదయమునకు రంగు వేయు పని గుమాస్తాలకు అప్పగించిరి. ఆ నవంబరులో ఎర్రకోటలో షానవాజ్, సహగల్, ధిల్లాన్ అను ముగ్గురు అధికారులపై విచారణ మొదలైనది. భూలాభాయి దేశాయి వాదించెను. యావజ్జీవ ద్వీపాంతరశిక్ష విధించియు, దేశములో లేచిన అలజడికి జడిసి 1946 జనవరిలో దానిని రద్దుచేయవలసివచ్చెను. ఆ యువకులకు ఎదురుగా పోరాడిన సైన్యములోని సిపాయిలు కూడ వారి విడుదలనే కోరుచున్నారని సేనాధిపతులకు తెలిసిపోయినందుననే అట్లు జరిగినది.

హైదరాబాదు సిపాయికి మాత్రము పక్షములు మారుట అంతటితో ముగియలేదు. 1948 సెప్టెంబరులో భారతసైన్యము సంస్థానములో ప్రవేశించినప్పుడు, మొన్నటివరకు ఆ సైన్యపు సరసన పోరాడిన సంస్థానపు సేనయే దానికి ఎదురు నిలిచెను. సేనాధిపతి ఎల్ ఎద్రూస్ మొదటి మహాయుద్ధములో బ్రిటిషు పక్షమున హైదరాబాదు లాన్సర్లతో పోరాడినవాడు. సెప్టెంబరు 18వ తేదీన ఆయన మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయెను.

మన ముగ్గురు ఏమైరి? ఆబిద్ హసన్ నిర్బంధమునుండి విడుదలయై, 1948లో స్వతంత్రభారత విదేశాంగశాఖలో చేరి, డెన్మార్కునకు రాయబారియై, విశ్రాంతిపొంది, 1984లో హైదరాబాదున కన్నుమూసెను. లతీఫ్‌ను దేశవిభజనకాలమున పాకిస్థాను వాయుసేనకు రమ్మని తోటివారు పిలిచిరి; ఆయన పోలేదు. 1978లో భారత వాయుసేనాధిపతియయ్యెను. 1981 జూనులో కృష్ణారావు భూసేనాధిపతి పదవి స్వీకరించెను. లతీఫ్ ఆగస్టు చివరివరకు ఉండెను. 1923లో పుట్టిన ఈ ఇద్దరును మూడు నెలలు ఒకేసారి దేశపు రెండు సేనలకు అధిపతులు. పిమ్మట లతీఫ్ మహారాష్ట్రమునకు గవర్నరై, ఆపైన ఫ్రాన్సు దేశమునకు రాయబారి కూడ అయ్యెను. ఒకప్పుడు ఎదురు పక్షములలో నిలిచిన ఇద్దరు హైదరాబాదీయులను స్వతంత్రభారతము విదేశములకు ఒకే హోదాతో పంపినది. కృష్ణారావు 2016లోను, లతీఫ్ 2018లో హైదరాబాదులోను దివంగతులైరి.

అధికారుల కథలు ఇట్లు చక్కగా అమరును. సిపాయిల కథలు అమరవు. ఆజాద్ హింద్ సైనికులను 1947 తరువాత కూడ భారతసైన్యములోనికి తిరిగి తీసికొనలేదు. 1972లో స్వాతంత్ర్యయోధుల పింఛను పథకము వచ్చినప్పుడు వారికిని అందులో స్థానము కల్పించిరి; కాని ఆరు నెలలు చెరలో ఉన్నట్లు కాగితము చూపవలెను. బర్మా అడవిలో తడిసిన మనిషివద్ద కాగితమెక్కడిది? ఎదుటి పక్షమున నిలిచిన అతని యూరివానివద్ద డిశ్చార్జి పుస్తకముండెను, పతకములుండెను. పదునైదేండ్ల కొలువు నిండలేదు గనుక అతనికి సేవాపింఛను లేదు. ఇద్దరును అదే పొలమునకు తిరిగివచ్చి, నాగలి పట్టిరి.