కల్లివల్లి మనిషి దొంగ కాడు
(సిరిసిల్లలో మాట్లాడిన ప్రసంగ పాఠం)



సరిహద్దు కాడ తనిఖీ వద్దని మేము అంటలేము. 2001 సెప్టెంబర్‌ల అమెరికాల అంత మంది చచ్చినంక ఏ దేశమైనా వచ్చేటోన్ని చూసుకునే రానిస్తది. కానీ ఎమిరేట్స్‌ల కంటిపాప స్కానింగు ఎందుకు పెట్టిండ్రు? వెనుకకు పంపినోడు పేరు మార్చుకొని మళ్ల రాకుండ. అంటే చిక్కేది బాంబులోడి కంటె ముందు కూలోడు.

కల్లివల్లి ఎట్లయితడు? పాస్‌పోర్టు కఫీల్ గుంజుకుంటడు. నెలలకు నెలలు జీతమియ్యడు. కడుపు కాలి ఇంకోకాడ పనికి పోతే పరారీ అని కేసు, అకామా రద్దు. 2007ల ఎమిరేట్స్, 2018ల కువైట్, 2024ల మళ్ల ఎమిరేట్స్ క్షమాభిక్ష పెట్టినయి. జీతం ఎగ్గొట్టినోడు కదా క్షమాపణ అడగాలె!

మన సర్కారు సంగతి జూడుండ్రి. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద పదో తరగతి పాసుగానోడు 18 దేశాలకు కొలువుకు పోవాలంటే క్లియరెన్సు తీసుకోవాలె. రక్షణకే అన్నరు. మంచిదే. పదో తరగతి దాటకముందే మా వాడల పిల్లగాండ్లను బడి మాన్పించి జీతం పెట్టుకున్నదెవరు? ఏజెంటేమో విజిట్ వీసా మీద దర్జాగ దాటిస్తడు. క్లియరెన్సు అక్కర లేదు, దిక్కు గూడ లేదు. ఫీజు 30 వేలు దాటొద్దని రూలు. కోరుట్ల, జగిత్యాలల ఆ రేటుకు పంపేటోడు ఏడున్నడు?

మా డిమాండ్లు రెండే. విజిట్ వీసా మీద పనికి పంపే ఏజెంటును ఇక్కడనే పట్టాలె. జీతం లెక్క తేలకుండ అక్కడినుంచి ఎవ్వరినీ ఎల్లగొట్టొద్దు.

పోయేటోళ్లు లైసెన్సు నంబరు అడుగుండ్రి. అగ్రిమెంటు, పాస్‌పోర్టు జిరాక్సులు ఇంట్ల ఆడోళ్ల చేతికిచ్చి పోండ్రి.